హెచ్చు పాటలోని విషము

పాతవస్తువును పారవేయక అమ్ముకొనుట మన గృహధర్మములలో నొకటి. చిల్లుపడిన ఇత్తడి బిందెకును, చినిగిన పుస్తకమునకును, కాలు విరిగిన కుర్చీకిని మన దేశమున ఎల్లప్పుడును కొనువాడు గలడు. ఈ యలవాటు మంచిది. దీనివలన వస్తువు మరల వస్తువగుచున్నది. పేదవానికి జీవనము కలుగుచున్నది. అయితే ఒక తరము కాలములో మన యిండ్లను, కచేరీలను నింపివేసిన రెండు వస్తువుల విషయమున ఈ మంచి యలవాటే కీడుగా పరిణమించినది. మొదటిది కంప్యూటరు మానిటరును, దానికి అన్నవంటిదైన డబ్బా టీవీయును. రెండవది బ్యాటరీ, అది ఇన్వర్టరుది కానిండు, మోటారు బండిది కానిండు, చేతి ఫోనుది కానిండు. ఎవడు నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చునో వానికి వీనిని అమ్ముచున్నాము. ఆ నాలుగు రూపాయలు వాడెట్లు ఇయ్యగలుగుచున్నాడని మాత్రము అడుగుట లేదు. ఆ ప్రశ్నను పాఠకుల యెదుట నుంచుటకే నేడు పూనుకొనుచున్నాము.

ముందు వస్తువు స్వరూపమును తెలిసికొందము. పాత మానిటరు వెనుక ఉబ్బెత్తుగా నుండునది పిక్చరు ట్యూబు. అది లోపలి గాలిని తీసివేసిన పెద్ద గాజుబుడ్డి. తెరపై బొమ్మ కనబడునప్పుడు దాని లోపల ఎక్సురే కిరణములు పుట్టును. అవి చూపరులపై పడకుండుటకై గరాటువలె నుండు వెనుక గాజులో సీసమును కలిపిరి. ఆ గాజు బరువులో ఇంచుమించు ఐదవ వంతు సీసపు భస్మమే. అది తన గూటిలో నున్నంతకాలము ఎవరికిని హాని చేయదు. దానియెదుట కూర్చుండి చదువుకొన్న విద్యార్థికి రక్షణయే యైనది. పగిలి పొడియైననాడును, చెత్తకుప్పలో వాననీట నానిననాడును ఆ రక్షణయే విషమగును.

ఇందులో మరియొక చిక్కు గలదు. పిక్చరు ట్యూబులు తయారగుచున్న దినములలో పాతగాజును కరగించి క్రొత్త ట్యూబులకే వాడెడివారు. పలుచని తెరలు వచ్చి ఆ పరిశ్రమ అంతరించిన పిమ్మట సీసము కలసిన గాజును అడుగువాడు కరవైనాడు. కావున తుక్కు కొట్టునకు చేరిన మానిటరు మెడనుండి రాగితీగ చుట్టను, లోపలనుండి సర్క్యూటు పలకను ఊడదీసికొని, గాజును సుత్తితో బ్రద్దలుకొట్టి ఊరి వెలుపల కుమ్మరించుట వాడుకయైనది. రాగికి వెల గలదు, గాజుకు లేదు. రాగి బజారు చేరును. సీసము మట్టిని చేరును. ఆ గాజును క్షేమముగా నిలువచేయవలెనన్నచో ఎవరో యొకరు ఎదురు డబ్బు ఇయ్యవలసినదే.

డబ్బా మానిటరు పోయి పలుచని తెర వచ్చినది గదా, ఇక భయమేమని కొందరందురు. ఎల్.ఇ.డి. దీపములు రాకముందు తయారైన పలుచని తెరలలో వెలుతురునిచ్చునవి సన్నని పాదరసపు గొట్టములు. వానిని విరిచినపుడు పాదరసము ఆవిరియై విరిచినవాని ఊపిరితోనే లోనికి పోవును. ఇక సర్క్యూటు పలకలనుండి రాగిని, రవ్వంత బంగారమును రాబట్టుటకు వానిని కాల్చుటయు, ఆమ్లములో ముంచుటయు గలదు. ఇత్తడి పనికి పేరుగన్న మొరాదాబాదులో రామగంగా తీరమున ఈ పలకలను కాల్చి, బూడిదను నీట కడిగి, లోహమును ఏరుకొనుట వృత్తిగా వ్యాపించినది. ఢిల్లీలోని సీలంపూరు పేటయు ఇట్టి పనికే పేరుమోసినది. ప్లాస్టికు తొడుగుగల తీగలను ఒలుచుటకు మారుగా తగులబెట్టిన యెడల ఆ పొగలో డయాక్సినులను దారుణ విషములు పుట్టును.

బ్యాటరీ సంగతి దీనికి సరిగా తలక్రిందులు. మానిటరు గాజుకు వెలలేకపోవుట వలన కీడు కలుగుచుండగా, బ్యాటరీలోని సీసమునకు మంచి వెల యుండుట వలన కీడు కలుగుచున్నది. ఇన్వర్టరులోను, మోటారు బండిలోను ఉండు పెద్ద బ్యాటరీ బరువులో సగమునకు పైగా సీసమే. కావున దానిని ఎవరును వీధిలో పారవేయరు. తప్పక కొందురు, తప్పక కరగింతురు. ఎట్లు కరగింతురన్నదే ప్రశ్న. సరియైన కార్ఖానాలో పెట్టెను యంత్రముచే పగులగొట్టి, గంధకామ్లమును పట్టి విరుగుడు చేసి, మూసిన కొలిమిలో సీసమును కరగించి, పొగను వడకట్టి విడుతురు. నాటుకొలిమిలో గొడ్డలితో పెట్టెను చీల్చి, ఆమ్లమును కాలువలో పారబోసి, పలకలను బహిరంగపు మంటలో పడవేయుదురు. ఆ పొగలోని సీసము చుట్టుపట్ల ఇండ్ల కప్పులపైనను, నూతులలోను, పిల్లలాడుకొను దుమ్ములోను పడును. కరగించినవాడు సాయంకాలము అదే చొక్కాతో ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకొనును.

సీసము చేయు హాని కంటికి కానరాదు గనుక తేలికగా తీసికొనుచున్నాము. ఇంతవరకు మేలని, ఇంతకు మించినచో కీడని చెప్పదగిన హద్దు సీసమునకు లేదనియు, పెద్దల దేహముకంటె పసివారి దేహము నోట పడిన సీసమును నాలుగైదు రెట్లు అధికముగా పీల్చుకొననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఎముకలలో చేరి యేండ్ల తరబడి నిలుచును. బుద్ధి మందగించును, చదువునందు నిలకడ తప్పును, రక్తము క్షీణించును. ఈ నష్టములో మెదడునకు కలిగినదానిని మరల పూడ్చు మందు లేదు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అను సంస్థలు 2020లో ప్రకటించిన నివేదిక ప్రకారము ప్రపంచమున ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తమున ఉండరానంత సీసము గలదు. ఆ సంఖ్య 80 కోట్లవరకు ఉండును. నాటు పద్ధతిలో బ్యాటరీలను కరగించుట దీని ముఖ్య కారణములలో నొకటిగా ఆ నివేదిక పేర్కొన్నది.

ఇది అతిశయోక్తి యనుకొనువారు ఆఫ్రికా ఖండమున సెనెగల్ దేశపు వృత్తాంతమును వినవలయును. రాజధాని డాకారు పొలిమేరలోని తియారోయె పేటలో పాత బ్యాటరీలను విప్పి సీసము తీయు పని సాగెడిది. సీసపు ధర పెరుగగా, ఆ నేల మట్టిలోని తునకలను కూడ జల్లించి అమ్ముకొనుటకు స్త్రీలు పూనుకొనిరి. మట్టిని మూటలుగట్టి యిండ్లకు తెచ్చిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చివరకు ఆ పేటలో 18 మంది పిల్లలు మరణించిరి. మరణించినవారి అన్నదమ్ములను, తల్లులను పరీక్షింపగా వారి రక్తమునను సీసము విపరీతముగా కానవచ్చినది. ఆ తల్లులు దుర్మార్గులు కారు. ధర పలికినదానిని అమ్ముకొన దలచిరి. మనము చేయుచున్నదియు అంతే గదా! భేదమేమనగా, వారు తమ యింటికి తెచ్చుకొనిరి. మనము ఇతరుల యింటికి పంపుచున్నాము.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఒక బ్యాటరీకి ఇద్దరు బేరగాండ్రు వచ్చిరనుకొందము. ఒకడు పొగను వడకట్టు యంత్రమును పెట్టినవాడు, కూలివానికి ముఖకవచమిచ్చినవాడు, ఆమ్లమును విరుగుడు చేయుటకు వ్యయపడినవాడు, పన్ను కట్టినవాడు. రెండవవానికి ఈ ఖర్చులేవియు లేవు. కాలువ ఉన్నది, ఆకాశమున్నది. వీరిరువురిలో హెచ్చు పాట పాడగలవాడెవడు? రెండవవాడే. అనగా పాత బ్యాటరీకి మనము పుచ్చుకొను అధికపు ధర సీసపు వెల కాదు. కూలివాని ఊపిరినుండి, వాని బిడ్డ మెదడునుండి మినహాయించి మనకిచ్చినది. ఇతర వస్తువుల వేలమున హెచ్చు పాట న్యాయమైనదే. ఈ వస్తువుల వేలమున మాత్రము హెచ్చు పాటయే అనుమానింపదగిన పాట.

మన దేశమున చట్టము లేదని యెవరును అనజాలరు. సీసపు బ్యాటరీలకు 2001లోను, ఎలక్ట్రానిక్ వ్యర్థములకు 2011లోను నిబంధనలు వచ్చినవి. 2022లో రెండును క్రొత్తగా వ్రాయబడినవి. వీని మూలసూత్రము ఒక్కటే: వస్తువును చేసి అమ్మి లాభము పొందినవాడు దాని అంత్యక్రియల భారమును కూడ వహింపవలెను. తాము అమ్మిన సరకులో నిర్ణీత భాగమునకు సరిపడు వ్యర్థము క్షేమముగా శుద్ధియైనట్లు ఉత్పత్తిదారులు చూపవలెను; ఆ భాగము ఎలక్ట్రానిక్ వస్తువులకు 2023-24లో నూటికి 60తో మొదలై 2027-28 నాటికి 80 కావలెను. ఈ సూత్రము మన న్యాయస్థానములకు క్రొత్తది కాదు. నిర్మలమైన నీటికిని గాలికిని గల హక్కు జీవించు హక్కులోని భాగమేయని 1991లో సుభాష్ కుమార్ వ్యాజ్యమునను, కాలుష్యము కలిగించినవాడే దాని ఖర్చు భరింపవలెనని 1996లో రాజస్థానపు బిఛ్రీ గ్రామ వ్యాజ్యమునను సుప్రీంకోర్టు నిర్ణయించియే యున్నది.

అయినను చట్టమునకును వీధికిని నడుమ చాల దూరమున్నది. శుద్ధి చేయువారికి గిట్టుబాటు లేనిచో వారు నాటుకొలిమివానితో పోటీపడలేరని, గృహోపయోగ ఎలక్ట్రానిక్ వస్తువులకు కిలోకు కనీసము 22 రూపాయలు ఉత్పత్తిదారులు చెల్లింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో కట్టడి చేసినది. అది అధికమని కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టునకు ఎక్కినవి. వ్యాజ్యముల గుణదోషములను తీర్చుట న్యాయమూర్తుల పని. మేము చెప్పునది ఒక్కటే: క్షేమమునకు ఖర్చు గలదు. కంపెనీ ఇయ్యకపోయినచో ఆ ఖర్చు మాయమైపోదు; తుక్కు కొట్టు కూలివాని దేహముమీద వ్రాయబడును. లెక్క సరిపోయినట్లు చూపు కాగితము పుట్టినంత మాత్రమున మట్టిలోని సీసము పోదు.

ఇది పరదేశముల తుక్కు మన నెత్తిన పడుట వలన వచ్చిన ముప్పని చెప్పువారు కొందరు గలరు. ధనిక దేశములు తమ విషములను పేద దేశములకు సాగనంపుచుండుట నిజమే; దానిని అరికట్టుటకే 1989లో బాసెల్ ఒడంబడిక పుట్టినది, 1992లో మన దేశము దానిని స్థిరపరచినది. కాని నేడు మన అటకలమీద పడియున్న మానిటర్లు ఓడలలో వచ్చిన తుక్కు కాదు. మనము కొని, వాడి, విసిగి, ప్రక్కన పెట్టినవి. 2022లో ప్రపంచమంతట పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థము 6 కోట్ల 20 లక్షల టన్నులనియు, అందు సక్రమముగా సేకరింపబడి శుద్ధియైనట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్ళకు కొంచెము మించినదనియు ఐక్యరాజ్య సమితి సంస్థలు 2024లో వెల్లడించినవి. పరాయివానిని నిందించుటకు ముందు మన పాలు మనము సరిచేసికొనుట ఆత్మగౌరవముగల జాతికి తగిన పని.

ఇక పాతసామాను కొనువాని మాట. ఈ వాదనను విని వానిపై కోపము తెచ్చుకొనరాదు. గంపతోనో, త్రోపుడు బండితోనో ఎండలో వీధులు తిరుగు ఆ మనిషి లేనిచో మన పట్టణములు ఏనాడో చెత్తలో మునిగియుండెడివి. ఇంటింటినుండి వస్తువును సేకరించు నేర్పు ఏ కంపెనీకిని వానికున్నంత లేదు. ప్రమాదము వాని సేకరణలో లేదు. ఆ తరువాత జరుగు పగులగొట్టుటలోను, కాల్చుటలోను, కరగించుటలోను ఉన్నది. కావున వానిని తరిమివేయుట పరిష్కారము కాదు. తరిమినచో కొలిమి మరింత చాటునకు పోవును. 2022 నిబంధనలు ఈ విషయమున వివేకముతోనే వ్రాయబడినవి: విడదీయు పనివారిని గుర్తించి నమోదు చేయుట, వారు సంఘములుగా నేర్పడుటకు తోడ్పడుట, పని నేర్పించుట, యేటేట వారి క్షేమమును, ఆరోగ్యమును పరిశీలించుట రాష్ట్ర కార్మిక శాఖ విధులు, పనికి తగిన స్థలమును, షెడ్డును కేటాయించుట పరిశ్రమల శాఖ విధి. ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను ప్రతి పట్టణమందును ఈ విధులు ఎంతవరకు నెరవేరినవో ప్రజాప్రతినిధులు అడిగి తెలిసికొనవలయును. విద్య కొరవడినదని చెప్పుటకును వీలులేదు. సర్క్యూటు పలకలనుండి లోహములను క్షేమముగా తీయు పద్ధతిని హైదరాబాదు చర్లపల్లిలోని సి-మెట్ పరిశోధన సంస్థ రూపొందించియే యున్నది.

పురపాలక సంఘముల బాధ్యతయు స్పష్టమే. చెత్తలో కలసిన ఎలక్ట్రానిక్ వ్యర్థమును వేరుచేసి నమోదైన శుద్ధికర్తకు చేర్చవలెనని నిబంధన. అంతేకాక అనాథ వస్తువులను, అనగా పేరులేక కూర్పబడినవానిని, మూతబడిన కంపెనీల సరకును, సేకరించుట వారి విధియే. ఒకప్పుడు ఇంటింట వెలసిన డబ్బా టీవీలను చేసిన కంపెనీలలో ఎన్ని నేడు నిలిచియున్నవి? వానిని వెనుకకు తీసికొను యజమాని లేడు. పురపాలక సంఘమే వానికి దిక్కు. ప్రతి వార్డునందు కాకపోయినను, ప్రతి పట్టణమున ఒక గదిని, నెలకు ఒక దినమును దీనికై నిర్ణయించుట ఏ సంఘమునకును మోయలేని భారము కాదు.

కచేరీలు, కళాశాలలు, బ్యాంకులు, న్యాయస్థానములు చేయవలసినది వేరు. ఒక ఆర్థిక సంవత్సరమున జాబితాలోని పరికరములను వేయికి తక్కువగాక వాడిన సంస్థ తన వ్యర్థమును నమోదైన ఉత్పత్తిదారునకో, మరమ్మతుదారునకో, శుద్ధికర్తకో మాత్రమే ఇయ్యవలెనని చట్టము. ఆ వేయి లెక్కకు అందని చిన్న కచేరీలును, గృహస్థులును ఈ నిబంధన అక్షరములకు చిక్కరు. కాని అక్షరమునకు చిక్కనంత మాత్రమున ధర్మమునకు చిక్కకపోదురా? ఏబది మానిటర్లు గల కచేరీ వేలము వేసినను సీసము సీసమే. కావున పాత కంప్యూటర్లకు, బ్యాటరీలకు వేలము పిలుచు ప్రతి సంస్థయు నమోదైన శుద్ధికర్తలను మాత్రమే పాటకు రానిచ్చి, అందులో హెచ్చు పాటను స్వీకరింపవలెను. అందువలన రాబడి కొంత తగ్గవచ్చును. తగ్గిన ఆ సొమ్మును నష్టముగా వ్రాసికొను ఆడిటరు, ప్రజల వైద్యశాల ఖర్చును ఏ పద్దులో వ్రాయునో చెప్పవలెను.

గృహస్థులు చేయదగినది కఠినము కాదు. ఇంకను పనిచేయు తెరను, కంప్యూటరును పాఠశాలకో, అక్కర గలవానికో ఇచ్చి దాని ఆయువును పెంచుట అన్నిటికంటె మేలు. పాడైన పిక్చరు ట్యూబును ఇంటిలో విప్పరాదు. అది గాలిలేని బుడ్డి గనుక పగిలినపుడు గాజు పెంకులు చిమ్మును. కొత్త ఇన్వర్టరు బ్యాటరీని కొనునప్పుడు పాతదానిని అదే అంగడివానికి అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. దానిని నిలువుగానే ఉంచవలెను, పడుకోబెట్టరాదు. ఫోను, ల్యాప్‌టాపు బ్యాటరీ ఉబ్బినయెడల దానిని గుచ్చరాదు, నొక్కరాదు. కొనలమీద టేపు అంటించి విడిగా నుంచవలెను. అట్టిది చెత్తబండిలో నలిగినచో నిప్పు పుట్టును. బ్యాటరీమీద అడ్డముగా కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ యుండును. ఇంటి చెత్తలో కలుపవలదని దాని యర్థము. బ్యాటరీలను ఇతరమైన చెత్తనుండి వేరుచేసి తగినవారికి ఇచ్చుట 2022 నిబంధనల ప్రకారము వాడుకరి ప్రతివానికిని విధియని చాలమందికి తెలియదు. కొనువాడు శుద్ధికర్తనని చెప్పినచో, కాలుష్య నియంత్రణ మండలి యొద్ద నమోదైన పత్రమును చూపుమని అడుగుటకు సంకోచింపరాదు.

గ్రంథాలయముల, పఠన మందిరముల నిర్వాహకులకు ఒక మనవి. ప్రజలకు నమ్మకముగల చోటు మీది. మూలన ఒక గట్టి పెట్టెను నుంచి చిన్న బ్యాటరీలను విడిగా సేకరించుట, నెలకొకమారు పురపాలక సంఘమునకో, నమోదైన సేకర్తకో అప్పగించి రసీదును గోడపై అంటించుట మీ శక్తికి మించినది కాదు. ఆ పెట్టెను బల్లలకును, ఎండకును, కాగితములకును దూరముగా నుంచుడు. ఉబ్బిన బ్యాటరీలను మాత్రము అందు వేయనీయకుడు. ఊరిలోని తుక్కు వర్తకులను ఒక సాయంకాలము పిలిచి, ఏ వస్తువును కొట్టరాదో, ఏది కాల్చరాదో, ఎక్కడికి చేర్చిన ధర లభించునో వారితో మాటాడుడు. ఉపన్యాసములకంటె ఇట్టి యొక సాయంకాలము ఎక్కువ పని చేయును.

ఒక జాతి నాగరికత అది కొను వస్తువులలో కనబడునని లోకము తలచుచున్నది. విడిచిన వస్తువు ఎవరి చేతులలో పడినదో విచారించుటలో అది అంతకంటె స్పష్టముగా కనబడునని మా యభిప్రాయము. మన వీధికి రేపు వచ్చు బేరగానిని రెండు ప్రశ్నలు అడుగుదము: ఎంత యిచ్చెదవు అనునది రెండవది, ఎక్కడికి తీసికొనిపోయెదవు అనునది మొదటిది.